బెట్టింగ్ మానాలనుకునేవారికి ఆన్‌లైన్ తోడు: ఏ బృందంలో చేరాలి?

మా తమ్ముడు మొదటిసారి ఒక ఆన్‌లైన్ మీటింగులో కూర్చున్నప్పుడు సమయం తెల్లవారుజామున అయిదున్నర. అది అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటలకు జరిగే మీటింగు. వాడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, వింటే సగానికి పైగా అర్థమవుతుంది. గంటసేపు మైకు ఆపుకొని విన్నాడు. తన వంతు వచ్చినప్పుడు ‘పాస్’ అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. అయిపోయాక నా వైపు తిరిగి, "అక్కా, వాళ్లు చెప్పిందంతా నాదే. కానీ చిట్టి ఎత్తి ఆడిన అని ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాతి ఏడాదిన్నరలో వాడు నాలుగైదు రకాల బృందాలు చూశాడు, చాలా రోజులు నేను పక్కనే కూర్చున్నాను. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఇళ్లలో ఇదే కష్టం పడుతున్నవారికి, వారి ఇంటివారికి పనికొస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెబుతాను. బృందం ఏ పద్ధతిలో నడుస్తుందన్నది రెండో ప్రశ్న. చేయి ఫోను మీదికి పోయే గంటకు ఆ బృందం తెరిచి ఉంటుందా, సిగ్గుపడే మాటను మీ సొంత భాషలో అక్కడ చెప్పగలరా అన్నవి మొదటి ప్రశ్నలు. ఎంత పేరున్న బృందమైనా ఈ రెండింటికి జవాబు లేకపోతే మూడో వారానికే మానేస్తారు. మానేసిన మనిషి ‘నాకు మీటింగులు పనిచేయవు’ అనే నిర్ణయానికి వస్తాడు, ఆ నిర్ణయం పోగొట్టుకున్న డబ్బు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇది చెడు అలవాటా, జబ్బా అన్న వాదన ఇంట్లో ముందు తెగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో జూద వ్యసనానికి వ్యసన రుగ్మతల మధ్య చోటుంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లోనే దానిని మద్యం, మత్తు పదార్థాల వ్యసనాల వరుసలో చేర్చింది. జూదం మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే సంస్థ దగ్గర 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. ఆడటం వల్ల పనికి ఎప్పుడైనా ఎగనామం పెట్టారా, పోయిన డబ్బు వెంటనే మళ్లీ రాబట్టుకోవాలని అనిపించిందా, ఆడటానికి అప్పు చేశారా వంటివి అందులో ఉంటాయి. జూద వ్యసనపరుల్లో చాలామంది కనీసం ఏడు ప్రశ్నలకు అవును అంటారని వారి మాట. మా తమ్ముడికి పదిహేను వచ్చాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. బృందం వైద్యానికి తోడు, వైద్యానికి బదులు కాదు. నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం, బతకాలని లేదనే మాటలు వినిపిస్తే బృందాలను పోల్చుతూ కూర్చోకూడదు. టెలి మానస్ నంబరు 14416, ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ, రాత్రింబవళ్లు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు.

పన్నెండు మెట్ల బృందాలు

గ్యాంబ్లర్స్ అనానిమస్ 1957 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. తాగుడు మానాలనుకునేవారి కోసం 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతినే, అంటే ఒకదాని తరువాత ఒకటిగా పాటించే పన్నెండు మెట్లను, జూదానికి మలుచుకుంది. చేరడానికి రుసుము లేదు, ఆట మానాలనే కోరిక ఒక్కటే అర్హత. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు అడ్డం రారు, సలహాలివ్వరు, ఎవరి అనుభవం వారు చెప్పుకుంటారు. కొంతకాలంగా ఆటకు దూరంగా ఉన్న ఒక సభ్యుడు కొత్తవారికి స్పాన్సర్‌గా ఉంటాడు, మనసు లాగినప్పుడు ఆయనకు ఫోను చేయవచ్చు. మన ఊళ్లలో పెద్దన్న పాత్ర లాంటిది ఇది, అందుకే మనవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. మెట్లలో ‘మనకన్నా గొప్ప శక్తి’ అనే మాట వస్తుంది. ఏ మతానికీ కట్టుబడనవసరం లేదని వారు చెబుతారు. దేవుడి మాట వింటే చిరాకుపడేవారికి మొదటి వారాల్లోనే ఇబ్బంది కలుగుతుంది, అది ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది.

వీరి దగ్గర ఉన్న ఒక పద్ధతిని మాత్రం నేను ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంటిని నిలబెట్టింది అదే. కొంతకాలం క్రమంగా వచ్చిన సభ్యుడిని, అతని భార్యను లేదా ఇంటివారిని కూర్చోబెట్టి, అనుభవమున్న సభ్యులు అప్పులన్నీ ఒక కాగితం మీద రాయిస్తారు. ఎవరికి ఎంత, ఏ మిత్తికి, నెలకు ఎంత కట్టగలరు, ఇంటి ఖర్చుకు ఎంత మిగలాలి అన్నది తేల్చి, తీర్చే దారి వేసిస్తారు. ఎవరూ డబ్బు ఇవ్వరు, ఇప్పించరు. అయినవాళ్లు ఒకేసారి అప్పు తీర్చి బయటపడేస్తే వ్యసనం ఇంకా బలపడుతుందన్నది వారి గట్టి నమ్మకం, నాకూ అదే అనుభవమైంది. మేము మొదటిసారి పొలం కాగితాలు పెట్టి అప్పు తీర్చిన నాలుగో నెలలో వాడు మళ్లీ ఆడాడు.

మా అప్పులు రాయించిన రోజు మీటింగు ఇంగ్లీషులో జరిగింది, నేను మధ్యలో తెలుగు చెబుతూ పోయాను. మరదలు పక్కన కూర్చుంది. తమ్ముడు 200 పేజీల నోటుబుక్కులో మిల్లు లెక్కలు రాసినట్టే గీతలు కొట్టి, వరుస నంబర్లు వేసి రాశాడు. రెండు చిట్టీలు, బంగారం లోను, నాలుగు లోన్ యాప్‌లు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి, చేబదుళ్లు. 22 వరుసల దాకా కలం ఆగలేదు. 23వ దగ్గర ఆగింది. చాలాసేపటికి ‘హమాలీ, 3,000’ అని రాశాడు. మిల్లులో బస్తాలు మోసే ఒక పెద్దాయన దగ్గర, బిడ్డ ఫీజుకని అబద్ధం చెప్పి తీసుకున్న డబ్బు అది. లక్షల అప్పులు రాసేటప్పుడు రాని ఏడుపు ఆ మూడు వేల దగ్గర వచ్చింది. తెర మీది మనుషులకు ఆ తెలుగు అక్షరాలు అర్థం కాలేదు, కానీ ఎవరూ తొందర పెట్టలేదు. అవతలి నుంచి ఒకాయన, ‘అది ముందు తీర్చండి’ అన్నాడు. అదే ముందు తీర్చాము.

లోటు ఎక్కడంటే సమయంలోనూ భాషలోనూ. బ్రిటన్‌లో వేసవిలో రాత్రి 7 గంటల మీటింగు మనకు రాత్రి 11:30 అవుతుంది, చలికాలంలో వారి గడియారం మారితే 12:30 అవుతుంది. పొద్దున్నే డ్యూటీ ఎక్కేవారికి అది కుదరదు. అమెరికా సాయంత్రాల మీటింగులు మన తెల్లవారుజామున పడతాయి కాబట్టి, కోడి కూయకముందే లేచే అలవాటున్న పల్లెవారికి అవి నిజంగానే అనుకూలం. మన దేశపు సమయాల్లో ఇంగ్లీషు, హిందీ తెలిసినవారు కలిసే మీటింగు దొరికితే అది మొదట చూడండి, ఎందుకంటే చిట్టి, మిత్తి, బంగారం తాకట్టు అంటే ఏమిటో అక్కడ విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్మార్ట్ రికవరీ

ఇది 1994లో అమెరికాలో మొదలైంది. ఆలోచన, నడవడి మార్చుకునే మానసిక చికిత్స సూత్రాల మీద నడుస్తుంది. దేవుడి మాట లేదు, స్పాన్సర్ లేడు, జీవితాంతం రావాలనే షరతు లేదు. తనను తాను వ్యసనపరుడని పిలుచుకోవాలన్న నియమం కూడా లేదు. మానాలనే పట్టుదల పెంచుకోవడం, మనసు లాగినప్పుడు తట్టుకోవడం, ఆలోచనలను ఆవేశాలను సరిచూసుకోవడం, రోజువారీ బతుకును కుదుటపరుచుకోవడం అనే నాలుగింటి మీద పని చేయిస్తారు. శిక్షణ పొందినవారు మీటింగు నడుపుతారు, అక్కడ ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, ప్రశ్నలు వేసుకోవచ్చు. తాగుడు, మత్తు, జూదం అన్నీ ఒకే మీటింగులో కలిసి ఉండటం మామూలు.

లెక్కలు, కారణాలు అడిగే మనిషికి ఇది నచ్చుతుంది. ఆడితే ఏమి వస్తుంది ఏమి పోతుంది, మానితే ఏమి వస్తుంది ఏమి పోతుంది అని నాలుగు గళ్లు గీసి నింపే పని ఒకటి ఇస్తారు. మా తమ్ముడు ‘మానితే ఏమి పోతుంది’ అనే గడిలో ‘దోస్తులు’ అని రాశాడు. అది నిజం. మన దగ్గర క్రికెట్ బెట్టింగు చాయ్ హోటల్ దగ్గరి నలుగురితో కలిసి మొదలవుతుంది. ఆట పోతే ఆ నలుగురూ పోతారు, సాయంత్రాలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీని ముందే చూపించినందుకు ఈ పద్ధతి పట్ల నాకు గౌరవం ఉంది. కానీ అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషి ఇక్కడ ఉండడు, ఇంగ్లీషు కూడా కాస్త ఎక్కువే కావాలి. డిగ్రీ చదివి హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే మన జిల్లాల పిల్లలకు సరిపోతుంది. అంత ఇంగ్లీషు రానివారికి భారమవుతుంది.

రాతలో సాగే బృందాలు

గొంతు విప్పలేని మనిషికి రాత ఒక వరం. బ్రిటన్‌లోని గోర్డన్ మూడీ అనే స్వచ్ఛంద సంస్థ గ్యాంబ్లింగ్ థెరపీ పేరుతో ఆన్‌లైన్ సేవ నడుపుతోంది. ఏ దేశంవారైనా ఉచితంగా చేరవచ్చు, రాతలోనే సాగే బృందాలుంటాయి. రెడ్డిట్ అనే చర్చా వెబ్‌సైటులోనూ ఆట మానినవారు రోజులు లెక్కపెట్టుకుంటూ రాసుకునే పెద్ద సమూహాలున్నాయి. అక్కడ ఏ రాత్రి రెండింటికైనా ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు.

పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లి, ఆరుగురు ఒకే గదిలో పడుకునే మనిషిని తలచుకోండి. అతను ఇయర్‌ఫోన్ పెట్టుకొని వినగలడు గానీ నోరు తెరిచి చెప్పలేడు, పక్క మంచంలో ఉన్నది ఊరివాడే. అతనికి రాత తప్ప దారి లేదు. అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడవి వైపు వెళితే సిగ్నల్ అంతంత మాత్రమే, వీడియో ఆగిపోతుంది, రాత మాత్రం కొంచెం ఆలస్యంగానైనా చేరుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు అందరికీ ఉన్నా, విదేశీ బృందాల్లో అది పనికిరాదు. అనువాద యాప్ సాయంతో వచ్చీరాని ఇంగ్లీషులో రాసినా అక్కడ ఎవరూ ఎగతాళి చేయకపోవడం మేము చూశాము.

దీనిలో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, పోయిన డబ్బు అంకెలు, గెలిచిన రాత్రుల కథలు అదుపు లేకుండా వస్తాయి, కొన్ని చదివితే మానాలన్న పట్టుదల పెరగడం అటుంచి ఆడాలన్న కోరికే లేస్తుంది. రెండోది, ఆ రాతల కింద మాటువేసి ‘మీ పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాము’ అని విడిగా సందేశం పంపేవారు. ముందుగా కొంత రుసుము కట్టమంటారు. అది ఎప్పుడైనా మోసమే, కట్టి ఉంటే సైబర్ నేరాల నంబరు 1930కు వెంటనే చెప్పాలి.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు

తెలుగు కావాలనుకునేవారు మొదట వెళ్లేది ఇక్కడికే, అందుకే ఎక్కువ జాగ్రత్త అవసరమైనదీ ఇదే. మామూలు వాట్సాప్ గ్రూపులో మీ నంబరు సభ్యులందరికీ కనబడుతుంది. మన జిల్లాల్లో ఊరికి ఊరు చుట్టరికం, నంబరు చూస్తే ఎవరి కొడుకో తెలిసిపోతుంది. తమ్ముడు ఒక తెలుగు గ్రూపులో చేరిన పది రోజులకే ఒక సభ్యుడు విడిగా పలకరించి, ‘అర్జెంటు అయితే డబ్బు సర్దుతా, నూటికి పది మిత్తి’ అన్నాడు. ఇంకొకడు ‘పోయింది రాబట్టుకునే ఒక్క మ్యాచ్’ అని టిప్పుల ఛానెల్ లింకు పంపాడు. అడ్మిన్‌కు చెబితే జవాబు లేదు. మానాలని వచ్చినవాళ్ల జాబితా, ఆడించేవాళ్లకు బంగారు గని లాంటిదని నాకు ఆ రోజు అర్థమైంది.

అన్ని గ్రూపులూ ఇట్లాగే ఉంటాయని అనను. మంచి గ్రూపును గుర్తుపట్టడానికి ఆనవాళ్లున్నాయి. కొత్తవారిని చేర్చుకునే ముందు ఎవరో ఒకరు ఫోనులో మాట్లాడతారు, అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం, లింకులు పంపడం మొదటి రోజే నిషేధిస్తారు, యాప్‌ల పేర్లు గెలుపు అంకెలు రాయనివ్వరు, స్క్రీన్‌షాట్ బయటకు వెళితే ఆ మనిషిని తీసేస్తారు, నడిపేవారు తామెవరో, ఎంతకాలంగా మానారో దాచుకోకుండా చెబుతారు. రుసుము అడిగే గ్రూపు, ‘21 రోజుల్లో గ్యారంటీ’ అనే గ్రూపు, ఆకు మందు అమ్మే గ్రూపు అయితే ఆలోచించవద్దు, బయటకు రావాలి. టెలిగ్రామ్‌లో గోప్యత సెట్టింగుల్లోకి వెళ్లి నంబరు ఎవరికీ కనబడకుండా చేసుకోవచ్చు కాబట్టి ఆ ఒక్క విషయంలో అది మేలు. జూమ్ మీటింగుకైతే చేరే ముందే పేరు మార్చుకోవాలి, లేకపోతే ఖాతాలోని పూర్తి పేరు, ఫోటో అందరి ముందూ పడతాయి.

చట్టం గురించిన భయం చాలామందిని నోరు తెరవనివ్వదు. తెలంగాణ 2017లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది, ప్రకటనలిచ్చేవారికీ డబ్బు బదిలీకి సాయపడేవారికీ శిక్షలున్నాయి. ఆ కేంద్ర చట్టంలో ఆడి నష్టపోయినవారికి మాత్రం శిక్ష లేదు. అయినా బృందంలో బుకీ పేరు, ఏజెంటు పేరు, ఊరి పేరు చెప్పకండి. మీ కథ చెప్పడానికి అవి అవసరం లేదు, చెబితే చిక్కులు వచ్చేది మీకే. నిషేధం వచ్చింది కదా, ఇక బృందం ఎందుకని అడిగేవారూ ఉన్నారు. పత్తాలాట, మట్కా ఎన్ని ఏళ్లుగా నిషేధంలో ఉన్నాయో, అయినా ఎన్ని ఇళ్లు కూలాయో మన పెద్దలను అడిగితే చెబుతారు.

నలుగురి తెలుగు ఫోను

మాకు చివరికి కుదిరింది అన్నిటికన్నా చిన్నది. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో తమ్ముడిని చూసిన కౌన్సెలర్, ఇద్దరి అనుమతీ తీసుకొని, ఇదే కష్టంలో ఉన్న ఇంకొకరితో మాట్లాడించింది. వాళ్లిద్దరూ నలుగురయ్యారు. రోజూ రాత్రి 9 గంటలకు వాట్సాప్ కాల్, వీడియో లేదు, అరగంట. ‘ఈ రోజు ఆడలేదు’ లేదా ‘ఆడిన’ అని ముందు చెప్పాలి, తరువాతే మిగతా మాటలు. వారానికి ఒకసారి కౌన్సెలర్ చేరుతుంది. ఆ ఫోనులో మూడో రోజున, పక్క గదిలో ఉన్న నాకు వినబడేట్టుగా, తమ్ముడు తాను పోగొట్టుకున్న మొత్తం ఎంతో పైకి చెప్పాడు. ఇంగ్లీషు మీటింగులో ఆరు నెలలు కూర్చొని చెప్పనిది ‘పదకొండు లక్షల నలభై వేలన్నా’ అని ఒక్క ఊపిరిలో వచ్చింది. అటువైపు నుంచి, ‘నాది పదహారు తమ్మీ, తిన్నవా?’ అని వినబడింది.

ఇంత దగ్గరితనం పెద్ద బృందంలో దొరకదు. కానీ నలుగురిలో ఒకరు మళ్లీ ఆటలో పడితే మిగిలిన ముగ్గురూ ఊగిపోతారు, మాకూ అట్లా ఒకసారి అయింది. అనుభవమున్న మనిషి, వృత్తి తెలిసిన మనిషి ఎవరూ లేకుండా నలుగురు కొత్తవాళ్లే కలిసి మొదలుపెట్టవద్దని అందుకే అంటాను. కౌన్సెలర్ కోసం జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో అడగవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, హైదరాబాదుకు వెళ్లగలిగితే ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది, ఊళ్లో తెలుస్తుందనే భయంతో ఆగిపోనవసరం లేదు. తెలుగులో జూదం బృందం దొరకనివారు ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి తెలుగు మీటింగులలో బయటివారికీ ప్రవేశమున్న వాటికి వెళ్లి వినవచ్చు. మాట్లాడే అవకాశం తాగుడు మానేవారిదే అయినా, మెట్లు అవే కాబట్టి పద్ధతి అర్థమవుతుంది.

ఇంటి ఆడవాళ్ల మాట

పుస్తెలతాడు కుదువ పెట్టిన సంగతి దుకాణంవాడి నోటి నుంచి విన్న భార్యకు కూడా ఒక చోటు కావాలి. గ్యామ్-అనాన్ అనేది కుటుంబ సభ్యుల కోసమే ఉన్న బృందం, దానికి ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. అతన్ని ఎట్లా మార్చాలన్న దానికన్నా, ఇంటి డబ్బును ఎట్లా కాపాడుకోవాలి, అబద్ధాన్ని కప్పిపుచ్చకుండా ఎట్లా నిలబడాలి అన్నదే అక్కడ మాట్లాడతారు. ఇద్దరూ ఒకే మీటింగులో కూర్చోవడం మొదట్లో మంచిది కాదు, భార్య వింటుంటే భర్త నిజం చెప్పడు, భర్త వింటుంటే ఆమె కోపం చెప్పదు. మరదలికి ఇంగ్లీషు రాదు, ఆమె 14416కే నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ వేరే మనిషే మాట్లాడారు, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది, అయినా భారం తగ్గిందని అన్నది.

ఎవరికి ఏది

ఇంట్లో ఒకే గది, గొంతు విప్పలేని పరిస్థితి అయితే రాత బృందంతో మొదలుపెట్టి, నెలలోపు ఒక్కసారైనా మాట్లాడే మీటింగుకు మారాలి, రాతలోనే ఉండిపోతే దాక్కోవడం అలవాటవుతుంది. అప్పులు పెద్దవై ఇల్లు కదిలిపోతున్నవారికి, ఎవరైనా ఒకరు పక్కన ఉండి ఇంగ్లీషు చెప్పగలిగితే, పన్నెండు మెట్ల బృందమే నా సలహా, ఆ అప్పుల కాగితం కోసమైనా వెళ్లండి. చదువుకున్న యువకులు, దైవభావన పడనివారు స్మార్ట్ వైపు చూడవచ్చు. తెలుగు తప్ప రానివారు 14416తో, జిల్లా ఆసుపత్రితో మొదలుపెట్టి చిన్న తెలుగు బృందం కోసం అడగాలి. ముక్కూమొహం తెలియని వాట్సాప్ గ్రూపు చిట్టచివరిది. రెండు బృందాల్లో ఉండటం తప్పేమీ కాదు, తమ్ముడు ఇప్పటికీ ఆదివారం తెల్లవారుజామున ఇంగ్లీషు మీటింగుకు లేస్తాడు. ఏదైనా ఆరుసార్లు వెళ్లకుండా తీర్పు చెప్పకండి, మొదటి రెండుసార్లు సిగ్గే మాట్లాడుతుంది.

బృందంలో చేరిన రోజే చేయవలసిన పని ఒకటుంది. బెట్‌బ్లాకర్ అనే ఉచిత యాప్ జూదపు సైట్లను ఫోనులో ఆపేస్తుంది, దానిని వేయించాలి. యూపీఐ రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లో తగ్గించాలి. జీతం, వడ్ల డబ్బు పడే ఖాతా కొన్నాళ్లు ఇంట్లో వేరొకరి చేతిలో ఉండాలి. ఇది అవమానంగా తోస్తుంది, మా వాడికీ తోచింది. కానీ యాసంగి వడ్ల డబ్బులు ఖాతాల్లో పడే రోజులూ ఐపీఎల్ నడిచే రోజులూ మన దగ్గర ఒకటే, ఏప్రిల్, మే. చేతిలో డబ్బు, తెర మీద మ్యాచ్ రెండూ కలిసిన సాయంత్రం ఎంత గొప్ప బృందమైనా తరువాతి గంటకు వస్తే లాభం లేదు.

అందుకే నలుగురి ఫోను మార్చి చివరి వారం నుంచి వేళ మార్చుకుంటుంది. సాయంత్రపు మ్యాచ్ 7:30కు, టాస్ 7 గంటలకు. వాళ్ల కాల్ 6:45కు మొదలై మొదటి ఓవర్లు దాటేదాకా నడుస్తుంది. కిందటి సీజను మొదటి మ్యాచ్ రోజు తమ్ముడు మిల్లు నుంచి త్వరగా వచ్చి, ఇంటి వెనక అరుగు మీద కూర్చొని, 6:40కే ఫోను చేతిలో పట్టుకొని మోగడం కోసం చూస్తున్నాడు.